హైతీ కళ: ఇంటికి తళుకుల జెండా కొనాలా, డ్రమ్ము రేకు శిల్పమా?

శ్రమ: జెండాకు వేల తళుకులు. ఒక్కొక్కదాన్నీ చిన్న పూసతో బిగించి కుట్టాలి, వారాలు పడుతుంది. శిల్పానికి పాత నూనె డ్రమ్మును కాల్చి, చీల్చి, చదును చేసి, సుద్దతో గీసి, ఉలితో కోస్తారు. హైతీలోని క్రువా-దె-బూకే ఊళ్లో సమాధుల సిలువలు చేసిన కమ్మరి జార్జ్ లియోటో చలవే ఈ కళ.

ధర: చిన్న రేకు బొమ్మలు చవక. మంచి జెండా ఖరీదే.

జాగ్రత్త: రేకుకు తుప్పు భయం, వార్నిష్ చాలు. జెండాకు ఎండా తేమా రెండూ పడవు. దారం తెగిందా, తళుకులు జలజలా రాలతాయి.

అర్థం: జెండా హైతీవాళ్ల వోడూ మతపు గుడిలో లోవా దేవతలను ఆహ్వానించేది. గుండె గుర్తు వాళ్లలో ప్రేమ దేవత ఎర్జులీది. పూజలో వాడినదాన్ని గోడకు తగిలించడం నాకు ఇబ్బందే. అమ్మకానికి కుట్టినవి వేరే దొరుకుతాయి.

వరండాకైతే రేకు. నీడపట్టున అద్దం చట్రంలో పెట్టగలిగితే జెండా.