వరంగల్‌లో రెండు రోజులు, ఒక్కదాన్నే, తిండి కోసమే

వరంగల్ వెళ్తున్నా అనగానే ఆఫీసులో అందరూ రామప్పకి ఎలా పోతున్నావనే అడిగారు. పోవట్లేదని చెప్పా. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, తప్పకుండా చూడాల్సిందే, కానీ హనుమకొండ నుంచి 65 కిలోమీటర్ల పైనే ఉంటుంది, పోయి రావడానికే ఒక రోజు కావాలి. నాకు దొరికింది డిసెంబర్‌లో ఒక శని, ఆదివారం. పైగా ఈసారి పోయింది తినడానికే.

ఒక్కరమే తిరిగేటప్పుడు తిండిని ముందే అనుకుని పోవాలి. నలుగురుంటే నాలుగు రకాలు చెప్పి పంచుకోవచ్చు, ఒక్కళ్లమైతే ఒక్క ప్లేటు మిర్చితోనే సాయంత్రం ఆకలి చచ్చిపోతుంది. అందుకని ఏ పూట ఏం తినాలో ముందు రాసుకుని, ఆ పక్కన ఏముందో అది చూద్దాం అనుకున్నా. టిఫిన్ల కోసం మాత్రం ఆరాటపడకండి, ఇడ్లీ, పూరీ, మైసూర్ బజ్జీ హైదరాబాద్‌లో తిన్నట్టే ఉంటాయి. స్టేషన్ బయట రెండు ఇడ్లీ తిని కదిలిపోయా.

సికింద్రాబాద్ నుంచి రైలులో వచ్చేవాళ్లు కాజీపేటలో దిగాలా, వరంగల్‌లో దిగాలా అని తికమకపడతారు. కోట, మండీ బజార్, చౌరస్తా బజార్లు వరంగల్ స్టేషన్‌కి దగ్గర. హనుమకొండలో రూమ్ తీసుకుని నేరుగా అక్కడికే పోవాలంటే కాజీపేట మేలు. నాగ్‌పూర్ వైపు పోయే రైళ్లు కాజీపేటలోనే మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్‌కి రావు, టికెట్ తీసేటప్పుడు అది చూసుకోండి. మూడు ఊళ్ల మధ్య షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కడ దిగినా పెద్ద ఇబ్బందేం లేదు.

ఇబ్బంది వచ్చింది రూమ్ దగ్గర. స్టేషన్ దగ్గర ఒక లాడ్జి యాప్‌లో బుక్ చేసి, డబ్బులు కూడా ముందే కట్టేశా. బ్యాగు పెట్టేసి కోటకి పోదామని కౌంటర్ దగ్గరికి వెళ్తే ఆధార్ చూసి "మీతో ఎవరూ లేరా మేడం, సింగిల్ లేడీస్‌కి ఇవ్వం" అన్నాడు. బుకింగ్ చూపించినా, మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడినా అదే మాట. ముప్పావుగంట అక్కడే నిలబడ్డా. డబ్బులు తర్వాత వారం వెనక్కి వచ్చాయి కానీ ఆ ముప్పావుగంట టెన్షన్, అవమానం ఇప్పటికీ గుర్తున్నాయి. తప్పు చేసినట్టు నేనెందుకు నిలబడాలి? అక్కచెల్లెళ్లకి చెప్పేది ఒకటే, యాప్‌లో కన్‌ఫర్మ్ అని ఉన్నా సరే ఫోన్ చేసి "ఒక్కదాన్నే వస్తున్నా, రూమ్ ఇస్తారా" అని అడిగి, ఔనంటేనే డబ్బులు కట్టండి.

తర్వాత నక్కలగుట్టలో ఒక హోటల్‌కి ఫోన్ చేస్తే ఇంకో మాట లేకుండా ఇచ్చారు. లాడ్జి కంటే ఆరొందలు ఎక్కువైంది, కానీ రిసెప్షన్‌లో అమ్మాయి ఉంది, వేడినీళ్లు ఉన్నాయి, రాత్రి తొమ్మిదింటికి బయటికెళ్లి వచ్చినా ఎవరూ ప్రశ్నలు వేయలేదు. టూరిజం వాళ్ల హరిత కాకతీయ కూడా ఆ వైపే ఉంది. నన్నడిగితే తిండి కోసం వచ్చేవాళ్లు హనుమకొండలోనే ఉండాలి. కిషన్‌పుర, నయీంనగర్ వైపు అంతా కాలేజీలు, హాస్టళ్లు, మెస్‌లు, ఒక్కళ్లే కూర్చుని తినే పిల్లలు ప్రతి బల్ల దగ్గరా కనిపిస్తారు, కాబట్టి మనల్ని వింతగా చూసేవాళ్లు ఉండరు. మెస్‌లో పప్పు, వేపుడుతో పాటు పచ్చిపులుసు పోశారు, చింతపండు కాచకుండా పిసికి, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి వేసి చేసింది. రెండుసార్లు అడిగి పోయించుకున్నా.

కోట గురించి ఎక్కువ రాయను. నాలుగు కాకతీయ తోరణాలు, మధ్యలో విరిగి పడున్న గుడి రాళ్లు, పక్కనే ఖుష్ మహల్, అన్నీ చూడటానికి రెండు గంటలు చాలు. ప్రాకారాల లోపల ఇప్పటికీ ఊరు ఉంది, ఇళ్ల ముందు ముగ్గులు, గేదెలు, వాటి మధ్యలోంచే ఆటో పోయింది. గేటు దగ్గర ఒకావిడ రేగుపళ్లకి ఉప్పు కారం చల్లి ఇచ్చింది, పది రూపాయలు.

ఇక సర్వపిండి. దాని కోసమే ఈ ప్రయాణం. మాది ఖమ్మం, మా అమ్మ దీన్ని తపాలచెక్క అంటుంది, కొన్ని చోట్ల గిన్నప్ప అంటారు. ఇక్కడ స్వగృహ దుకాణాల్లో ప్యాకెట్లలో దొరుకుతుంది కానీ చల్లారాక అట్టలా సాగుతుంది, అది తిని ఇంతేనా అనుకుంటే అన్యాయమే. శనివారం మధ్యాహ్నం హనుమకొండ చౌరస్తా దగ్గర సందులో ఒక కర్రీ పాయింట్ ముందు పెద్దావిడ వేడిగా చేస్తోందని ఆటో అన్న చెబితే వెతుక్కుంటూ పోయా. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం కలిపి గట్టిగా తడిపి పెట్టుకుంది. నూనె రాసిన సర్వ, అంటే లోతు గిన్నె, దాని లోపల అడుగు నుంచి అంచుల మీదికి పల్చగా ఒత్తుకుంటూ పోయి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్న మంట మీద పెట్టింది. నా ముందు ఇంకో ఇద్దరున్నారు. అది దించాక వెంటనే ఇంకోటి పెడుతుందనుకున్నా, పెట్టలేదు, సర్వని నీళ్ల తొట్టిలో అడుగు మునిగేలా ఉంచింది. "ఆగు బిడ్డా, సర్వ సల్లారాలె, ఏడి మీద ఒత్తితే చేతులు కాలుతయ్, పిండి అతుకది" అంది. వేడివేడిది ఎక్కడ పడితే అక్కడ ఎందుకు దొరకదో అప్పుడు అర్థమైంది, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, పైగా రెండే సర్వలు. నాది వచ్చేసరికి నలభై నిమిషాలైంది. అంచు కరకరలాడుతోంది, మధ్యలో మెత్తగా, పంటి కింద పప్పు, అడుగున ఎర్రగా మాడీ మాడనట్టు. పచ్చడి ఏమీ వద్దనిపించింది. నలభై రూపాయలు.

సాయంత్రం బండ్ల మీద గుడాలు తినండి. ఉడికించిన శనగలు, బబ్బెర్లు పోపులో వేసి పైన ఉల్లిగడ్డ, నిమ్మకాయ, కడుపు బరువెక్కదు. కట్ మిర్చి కూడా తిన్నా, బజ్జీని ముక్కలు కోసి మళ్లీ వేయిస్తారు, నాకు నూనె ఎక్కువనిపించింది. రాత్రికి రోడ్డు పక్కన పొయ్యిల మీద ఆడవాళ్లు కాలుస్తున్న జొన్నరొట్టెలు రెండు తీసుకుని, కర్రీ పాయింట్‌లో బోటి కూర అడిగి రూమ్‌లో తిన్నా. రొట్టె తట్టే చప్పుడు విని ఏ బండి బాగా నడుస్తోందో చెప్పొచ్చు, ఆగకుండా తడుతుంటే అక్కడే తీసుకోండి.

ఆదివారం పొద్దున్నే, జనం రాకముందే, వేయి స్తంభాల గుడికి హనుమకొండ చౌరస్తా నుంచి నడిచే పోయా. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు, బయట నున్నటి నల్లరాతి నంది. మధ్యాహ్నం వరకూ భద్రకాళి చెరువు బండ్ మీద గడిపా.

కొనడానికి సకినాలు తీసుకున్నా, సంక్రాంతి దగ్గర పడుతోంది కాబట్టి అప్పుడే చేసినవి దొరికాయి. వాసన చూసే కొనండి, నూనె కమురు వాసన వస్తే వదిలేయండి. చపాట మిర్చి కూడా అరకిలో తెచ్చుకున్నా, టమాటాలా గుండ్రంగా ఉంటుంది, 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, కారం తక్కువ, రంగు మాత్రం ముదురు ఎరుపు.

తిరుగు ప్రయాణం హనుమకొండ బస్టాండ్ నుంచి ఉప్పల్ బస్సులో. పై అరలో పెడితే సకినాలు పొడి పొడి అవుతాయని ప్యాకెట్ ఒళ్లోనే పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నా. నాలుగు మాత్రమే విరిగాయి, అవి ఘట్‌కేసర్ దాటేలోపే తినేశా.