అమ్మానాన్నలతో పన్నెండు రోజులు: ఏ అదనపు ఖర్చు ఒంటికి పట్టింది

విమానం దిగి నడుస్తుంటే అమ్మ వెనకపడింది. తిరిగి చూస్తే చెప్పులు చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "కాళ్లు దూరట్లేదురా ఇందులో" అంది. పదకొండు గంటలు కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది మరి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ గుంట చూశాక నాకు నా మీదే కోపం వచ్చింది. ఎందుకంటే టికెట్ల దగ్గర మిగిల్చిన డబ్బే తీసుకెళ్లి సముద్రం కనిపించే గదికి పెట్టాను.

ఇద్దరికీ డెబ్బై దాటాయి. జీవితంలో ఒక్కసారైనా వాళ్లని దర్జాగా తిప్పాలని ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో వేసుకున్న ప్రయాణం అది. అందుకే ఎక్కడ ఎక్కువ పెట్టామో, అది దేనికి పనికొచ్చిందో తిరిగొచ్చాక కూర్చుని లెక్క చూశాను. ప్రతి ఖర్చు దగ్గరా నన్ను నేను ఒకటే అడిగాను: ఇది ఎవరి ఒంటికి, ఏ గంటలో సుఖమిచ్చింది?

తిరుగు ప్రయాణానికి వాళ్లిద్దరికీ బిజినెస్ క్లాసుకి మార్పించాను, నేను వెనక మామూలు సీట్లోనే కూర్చున్నాను. రాత్రి విమానం. మధ్యలో ఒకసారి వెళ్లి తొంగి చూస్తే నాన్న ఇంట్లో పడుకున్నట్టే ఒక పక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని నిద్రపోతున్నాడు. ముందు సీటుకీ మన సీటుకీ 31, 32 అంగుళాల దూరం ఉండే చోట అలా ఒత్తిగిలడం కుదిరే పనే కాదు. బిజినెస్ క్లాసులో మనం కొనేది ఆ పడకని. గాజు గ్లాసులూ, వేడి తువ్వాళ్లూ, నవ్వుతూ పలకరింపులూ బాగానే ఉంటాయి గానీ వాటికోసం అంత డబ్బు పెట్టక్కర్లేదు. ఎనిమిది గంటలు దాటిన రాత్రి ప్రయాణం, అందులోనూ పెద్దవాళ్లు ఉంటే, మిగతా విలాసాలన్నీ మానుకునైనా ఇది కొనమంటాను. పగటి పూట మూడు నాలుగు గంటల ప్రయాణానికైతే వద్దు.

ఇక్కడే ఒక దెబ్బ తిన్నాను. మధ్యలో మారే చిన్న విమానానికి కూడా అదే తరగతి కొన్నాను. ఎక్కి చూస్తే అవే సీట్లు, మధ్య సీటు మాత్రం ఖాళీగా వదిలారు. ఐరోపా లోపల తిరిగే విమానాల్లో చాలా చోట్ల బిజినెస్ క్లాస్ అంటే ఇంతే. డబ్బు కట్టేముందు ఆ రోజు ఏ రకం విమానం నడుస్తుందో, సీటు పూర్తిగా వాలుతుందో లేదో చూసుకోవాలి. విమానం రకం ఇంకో విషయంలోనూ ముఖ్యం. మామూలు విమానాల్లో లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతకి తగ్గొచ్చు. 2011లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 787లోనూ, 2015లో వచ్చిన ఎయిర్‌బస్ ఏ350లోనూ అది 6,000 అడుగుల దగ్గరే ఆగుతుంది, గాలి కూడా కాస్త తక్కువ పొడిగా ఉంటుంది. వెనక సీట్లో కూర్చున్న వాళ్లకీ అదే గాలి. టికెట్ ధర దగ్గర దగ్గరగా ఉంటే నేనిప్పుడు ఆ విమానాలే వెతుకుతున్నాను.

మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే బాగా పెట్టిన డబ్బు ఏదంటే, మేం పడుకోని రాత్రికి కట్టిన గది అద్దె. విమానం తెల్లవారుజామున ఐదున్నరకి దిగింది. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. ముందు రోజు నుంచే గది తీసుకుని, మేం పొద్దున్న వస్తామని, రాలేదని బుకింగ్ కొట్టేయొద్దని ముందే రాసి ఒప్పించాను. ఏడింటికల్లా అమ్మ స్నానం చేసి, కాళ్ల కింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకుంది. మధ్యాహ్నానికి వాపు దిగింది. అదే లాబీలో సోఫా మీద ఎనిమిది గంటలు కూర్చోబెట్టి ఉంటే? మొదటి రెండు రోజులూ పోయేవి.

సముద్రం గది సంగతి చెప్తాను. పొద్దున్నే బయల్దేరేవాళ్లం. తిరిగొచ్చేసరికి చీకటి, అద్దంలో మా మొహాలే కనిపించేవి. గదిలో ఉన్న ఒక్క మధ్యాహ్నమేమో ఎండ మొహం మీద కొడుతోందని అమ్మ తెరలు లాగేసింది. అదే సముద్రాన్ని కింద వరండాలో కుర్చీ వేసుకుని నాన్న రోజూ తీరిగ్గా చూశాడు, దానికి ఎవరూ ఏమీ అడగలేదు. గదిలోంచి కదలని సెలవైతే వేరే మాట.

రెండో ఊళ్లో ఆ తప్పు చేయలేదు. మధ్యలో తలుపున్న రెండు గదులు తీసుకున్నాను. వాటిని కనెక్టింగ్ గదులంటారు. అడ్జాయినింగ్ అంటే పక్కపక్కన ఉంటాయంతే, తలుపు ఉండదు. రెండూ ఒకటే అనుకుని బుక్ చేయబోయి ఆగాను. రాత్రి ఆ తలుపు జానెడు తెరిచి ఉంచేవాళ్లం. నాన్న దగ్గు వినిపించేది, లేచి నీళ్లు తాగిన చప్పుడు వినిపించేది, నేను మళ్లీ పడుకునేవాణ్ణి.

గైడు విషయంలో మొదట వెనకాడాను. పాత కోట చూడ్డానికి మా ముగ్గురికే ఒక పూటకి మనిషిని పెట్టుకోవడం ఎక్కువ ఖర్చనిపించింది. ఆవిడ మడత స్టూలొకటి భుజాన వేసుకొచ్చింది. ఏ గోడ నీడ ఏ వేళకి ఎటు పడుతుందో ఆవిడకి తెలుసు. మెట్లు తక్కువున్న వెనక దారిన తీసుకెళ్లింది, అమ్మని కూర్చోబెట్టి కథ చెప్పింది, లేచే తొందర పెట్టలేదు. ముప్ఫై మంది గుంపులో అయితే జెండా పట్టుకుని ముందు నడిచే మనిషి వెంట పరుగే సరిపోయేది.

విమానాశ్రయంలో డబ్బు కట్టి సేదతీరే లాంజ్‌లో గంట కూర్చున్నాం, పరవాలేదు. నాలుగైదు గంటలు ఆగాల్సి వస్తేనే దానికి డబ్బు పెట్టొచ్చు. సామాను ముందు వస్తుందని కట్టిన ట్యాగ్ వల్ల మాకు ఒరిగింది లేదు, పెట్టెలు చివర్లోనే వచ్చాయి. ఖరీదైన పెట్టెకి చక్రం విరిగింది కూడా. అంతర్జాతీయ ప్రయాణంలో అలా జరిగితే మాంట్రియల్ ఒప్పందం (విమాన ప్రయాణికుల నష్టపరిహారం గురించి దేశాలు చేసుకున్నది) వర్తించే చోట సామాను అందిన 7 రోజుల్లోపు విమాన సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఆలస్యంగా చేరిన సామానుకైతే 21 రోజులు. పెట్టెకి గట్టి చక్రాలు, విరిగితే మార్చుకునే వీలు ఉంటే చాలు, కంపెనీ పేరు చూసి డబ్బు పెట్టడం నాకు నచ్చదు. చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు మాత్రం కొనండి. 1978లో విమానంలో ఇంజిన్ రొద భరించలేకే బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి ఆ ఆలోచన పుట్టింది. నేను వెనక సీట్లో కూడా కాసేపు కునుకు తీశానంటే అవే కారణం.

చక్రాల కుర్చీ సాయానికి మాత్రం డబ్బు కట్టకండి. ఐరోపాలోనూ అమెరికాలోనూ దానికి రుసుము తీసుకోకూడదని నిబంధనే ఉంది. 48 గంటల ముందు చెప్తే చాలు. వెళ్లేటప్పుడు "నేనేం రోగినా" అని అమ్మ ఒప్పుకోలేదు. వచ్చేటప్పుడు తనే అడిగింది.

మొన్న మళ్లీ ఎటైనా వెళ్దామా అన్నాను. నాన్న విమానం ఏదని అడిగాడు. అమ్మ వంటింట్లోంచే, "మధ్యలో తలుపున్న గదులు దొరికితేనే చెప్పు" అంది.