పాత 52 సీసీ గడ్డి మిషన్: పారేసే ముందు సైలెన్సర్ విప్పి చూడండి

మాది నూజివీడు వైపు మామిడి తోట. జూన్‌లో కాయ కోత అయిపోయి నాలుగు వానలు పడ్డాయంటే చెట్ల కింద తుంగ, గరిక, వయ్యారిభామ నడుమెత్తు లేస్తాయి. ట్రాక్టరు పెడదామంటే కొమ్మలు అడ్డం, చెట్టు మొదలు దాకా రాదు. కూలీల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ఏళ్ల కిందట కొన్న టూ స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపే) బ్రష్ కట్టరే, భుజాన తగిలించుకునే రకం, ఇప్పటికీ ప్రతి వానాకాలం దించుతున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ 52 సీసీ మిషన్లు ఏ స్టిక్కర్ వేసుకుని వచ్చినా లోపల చాలావరకు ఒకే అచ్చు. ఒకదాని కార్బరేటర్ ఇంకోదానికి పడుతుంది, అదే నాకు వీటిలో బాగా నచ్చిన విషయం.

పనితనం బాగుంటుంది, పిచ్చి మొక్క ఎంత ముదిరినా మూడు పళ్ల బ్లేడు వేస్తే కోసేస్తుంది. బరువు మాత్రం బరువే, గంటసేపు ఆపకుండా కోస్తే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, పెట్రోలు కూడా గట్టిగానే తాగుతుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. అసలు బాధ ఏంటంటే, చలికాలంలో షెడ్డులో పెట్టిన మిషన్ మళ్లీ జూన్‌లో తీస్తే స్టార్ట్ అవదు. రిపేరు షాపుకు తీసుకెళ్తే రెండుసార్లు తాడు లాగి "ఇంజను పోయిందండీ, బాగు చేయించే డబ్బులకి ఇంకొంచెం వేస్తే కొత్తది వస్తుంది" అన్నారు. ఇంజను పోయిందో లేదో మన కళ్లతో చూసుకునే దారి ఒకటి ఉంది, అది తెలిస్తే ఈ మాట నమ్మాలో వద్దో తేలిపోతుంది.

సైలెన్సర్‌కి రెండు బోల్టులు ఉంటాయి. అవి విప్పి సైలెన్సర్ పక్కన పెట్టి, ఆ కంతలోంచి టార్చి వేసి చూస్తే పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. తాడు మెల్లగా లాగుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడించి చూడండి. నున్నగా, అక్కడక్కడ గోధుమ రంగు మరకలతో ఉంటే ఇంజను బతికే ఉంది. నిలువుగా లోతైన గీతలు, గోరు పెడితే తగిలేంత ఉన్నాయంటే ఆయిల్ కలపని పెట్రోలుతోనో, ఆయిల్ బాగా తగ్గించో ఎవరో నడిపారని అర్థం. అలాంటిదాని మీద రూపాయి పెట్టకండి. మా మిషన్ పిస్టన్ నున్నగా ఉంది, అది చూశాకే మిగతావి విప్పాను. సైలెన్సర్ ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి దాని కంతలో పేరుకున్న మసి కూడా తీసేయండి, కాకపోతే ఇంజను వైపు గీకేటప్పుడు పిస్టన్ ఆ కంతకు అడ్డంగా ఉండేలా తిప్పుకుని, ఇనుప ముక్కతో కాకుండా చెక్క పుల్లతో గీకాలి, లేదంటే మసి లోపల పడుతుంది. స్టార్ట్ అయ్యి, రేస్ ఇస్తే మాత్రం పికప్ లేకుండా బూ... అని మూలిగే మిషన్లలో చాలావాటికి జబ్బు ఈ మసే.

తర్వాత ప్లగ్. చోక్ వేసి నాలుగైదుసార్లు తాడు లాగి ప్లగ్ విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ సంగతి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. రవ్వ చూడాలంటే ప్లగ్‌ను టోపీలో పెట్టి దాని మర భాగం ఇంజను లోహానికి ఆనించి తాడు లాగడమే, ప్లగ్ విప్పిన కంతకి దూరంగా, పెట్రోలు ఒలికిన చోట కాకుండా. రవ్వ రాకపోతే వెంటనే కాయిల్ కొనకండి, ముందు ఆఫ్ స్విచ్ వైరు పీకి చూడండి. ఈ స్విచ్ చేసే పనల్లా కాయిల్ కరెంటును బాడీకి కలిపేయడం. హ్యాండిల్ మడత దగ్గర ఆ వైరు ఒరుసుకుని తోలు లేచిపోతే మిషన్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉన్నట్టే. మా దానికి ఒక ఏడాది ఇదే అయింది, టేపు చుట్టి క్లిప్పు వేస్తే సరిపోయింది. వైరు పీకి నడిపితే స్విచ్ పనిచేయదు, ఆపాలంటే చోక్ వేయాలి, అది గుర్తుంచుకోండి.

ప్లగ్ పొడిగా ఉందంటే కార్బరేటర్ దగ్గరికే వెళ్లాలి. దీనిలో బైకులకు ఉన్నట్టు తేలే బుడ్డి ఉండదు, మిషన్ అటూ ఇటూ వంగినా పనిచేయాలి కాబట్టి పల్చటి రబ్బరు పొర, డయాఫ్రం, పెట్రోలును పీల్చి వదులుతుంది. ప్రైమర్ బుడగ, అంటే స్టార్ట్ చేసే ముందు వేలితో నొక్కి పెట్రోలు ఎక్కించేది, దాని చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు విప్పితే అది బయటపడుతుంది. విప్పే ప్రతి పొరకీ ఫోన్లో ఫోటో తీయండి, ఏ గ్యాస్కెట్ ముందు ఏది వెనక అన్నది తారుమారైతే మళ్లీ స్టార్ట్ కాదు. మంచి డయాఫ్రం వేలితో నొక్కితే మెత్తగా వంగుతుంది. నేను విప్పినప్పుడు మా దానిది ఎండిన ఆకులా బిరుసెక్కి, ఊపితే టపటపమంది. దాని కింద చిన్న సూది, సూది చుట్టూ ఆకుపచ్చ జిగురు. పెట్రోలు ఆవిరైపోయి ఆయిల్, మడ్డి మిగిలితే అయ్యేది అదే. కార్బరేటర్ క్లీనర్ కొట్టి, గాలి పట్టించి, కొత్త డయాఫ్రం కిట్ వేస్తే లేచింది. ఓపిక లేకపోతే కొత్త కార్బరేటరే కొనండి, ఈ రకానిది ఖరీదేం కాదు. దాంతోపాటు ట్యాంకులో ఫిల్టరు, రెండు పైపులు కూడా మార్చేయండి, పాత పైపు వంచితే పగుళ్లు కనిపిస్తాయి, అక్కడ గాలి పీల్చి ఇంజను ఆగిపోతుంది.

ఈ గొడవ ఈమధ్య ఎక్కువైంది. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై ఇప్పుడు దాదాపు ఎక్కడ పోయించుకున్నా అదే. ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది, ఎక్కువ రోజులు నిలవుంటే నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. ఫిల్టరు ఉండేది సరిగ్గా ఆ అడుగునే. పాత రబ్బరుకూ అది పడదు. అందుకే ఆ రోజుకు కావలసినంతే కలుపుతున్నాను. మా మిషన్‌కి లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ (2T) ఆయిల్, అంటే 25కి 1. కొన్ని మంచి కంపెనీల మిషన్లు 50కి 1 చాలంటాయి, మీ పుస్తకంలో ఏముందో అదే పాటించండి. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్కతో ఆగిపోయే దాకా ఇంజను నడిపి అప్పుడు షెడ్డులో పెడుతున్నా. అప్పట్నుంచి జూన్ టెన్షన్ లేదు.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చూడరు. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతోందా? ట్యాంకు మూత కొంచెం వదులు చేసి చూడండి. మూతలో గాలి కంత మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాక పెట్రోలు రావడం ఆగుతుంది. ఆ కంత శుభ్రం చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

బ్లేడు నట్టు ఎడమ మర, మామూలుగా విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుస్తుంది. దాన్ని ముట్టుకునే ముందు ప్లగ్ టోపీ పీకేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ప్రస్తుతం మా దానికి గేర్ హెడ్‌లో, అంటే గొట్టం చివర బ్లేడు తిప్పే గేర్ల డబ్బాలో, బేరింగు కొంచెం ఆడుతోంది, బ్లేడు పట్టుకుని ఊపితే తెలుస్తోంది. గ్రీజు కొట్టి నడుపుతున్నా, ఈ గడ్డి అవగొట్టాక హెడ్ విప్పి బేరింగులు మారుస్తా.