పురిటి సంచి: పనికొచ్చినవీ, ఊరికే మోసినవీ

పురిటి సంచి సర్దేది కడుపుతో ఉన్న అమ్మాయి. అందులో వెతికేది మాత్రం పక్కనుండే అమ్మో, అత్తో. నర్సు తలుపు దగ్గర నిలబడి "బిడ్డకు గుడ్డలివ్వండమ్మా" అన్నప్పుడు ఆ కంగారులో ఆమె చేతికి అవి దొరికాయా లేదా అన్నదే సంచికి అసలు పరీక్ష. మా ఇంట్లో కాన్పు నుంచి కాన్పుకు చేతులు మారుతూ వచ్చిన సామాన్లను ఆ లెక్కనే తూచి రాస్తున్నా.

పైన మాత్రమే తెరుచుకునే బ్యాగు వద్దు. అడుగునున్న నైటీ కోసం అంతా మంచం మీద కుమ్మరించాల్సి వస్తుంది. మూడువైపులా జిప్ తిరిగే, మంచం కింద పట్టే మెత్తటి సంచి చాలు. లోపల లోనివి కనబడే కవర్లలో మూడు మూటలు కట్టి, మీద మార్కర్‌తో పెద్దక్షరాలతో రాయాలి: కాన్పు గది, బిడ్డ, వార్డు. ఏది ఎక్కడుందో పక్కనుండే మనిషికి ముందే ఒకసారి చూపించాలి. 36వ వారానికి ఇదంతా సిద్ధంగా ఉండాలి. కవలలైతే ఇంకా ముందే.

కాన్పు గది మూటలో ముందు తెరుచుకునే నైటీ ఒకటి, ప్యాడ్లు నాలుగు, మెత్తటి నూలు గుడ్డలు మూడు, బిడ్డకు టోపీ. ఒక గుడ్డ బిడ్డను తుడవగానే తడిసి పక్కకు పోతుంది, రెండోది చుట్టడానికి, మూడోది చేతిలో ఉంచుకోవడానికి. ఈ పనిలో కొన్న బేబీ టవల్ కన్నా పాత వెంకటగిరి నూలు చీర ముక్కే గెలిచింది. కొత్త టవల్ రెండు మూడు ఉతుకులు పడేదాకా నీళ్లు పీల్చదు. చీరకు జరీ అంచు ఉంటే కత్తిరించి, ఉతికి ఎండలో ఆరేయాలి.

పాత చీరలతో ఒక చిక్కుంది. బీరువాలో కలరా ఉండల మధ్య పెట్టిన గుడ్డల్ని పసిబిడ్డకు చుట్టకూడదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న బిడ్డలకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదరవచ్చు. లోపం ఉందో లేదో పుట్టగానే ఎవరికీ తెలియదు. కాబట్టి పొత్తిగుడ్డలకు ఆ ఉండల వాసన తగలని చీరలే ఎంచుకోవాలి.

ప్యాడ్లలో పైన ప్లాస్టిక్ వల ఉండేవి కుట్ల దగ్గర మంట పెట్టాయి. దూది పొర ఉన్న పొడవాటివి రెండు ప్యాకెట్లు తీసుకోవచ్చు. మామూలుగా మూడు నాలుగు గంటలకొకటి మార్చాలి. గంటలోనే ఒకటి నిండిపోతే మార్చి ఊరుకోకుండా నర్సును పిలవాలి. పెద్దల డైపర్ ప్యాంట్లు సాధారణ కాన్పుకు బాగానే ఉన్నాయి. సిజేరియన్‌కు మాత్రం ఎలాస్టిక్ సరిగ్గా కుట్టు మీదే పడుతుంది. బొడ్డు దాటి పైకి వచ్చే, ఒక సైజు పెద్ద లోదుస్తులు నాలుగు కొనడం మేలు.

బిడ్డకు డైపర్లా, గుడ్డలా? ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు పగలు గుడ్డలకే నా ఓటు. పాలు సరిపోతున్నాయా అని తెలుసుకోవడానికి డాక్టర్లు మొదట అడిగేది బిడ్డ ఎన్నిసార్లు ఒంటేలు పోసిందని. మొదటి రోజు ఒకటి రెండుసార్లే పోయవచ్చు, డైపర్లో ఆ కాస్త తడి తెలియదు. రంగు మారే గీత ఉన్నవైతే కొంత నయం. ఇరవై గుడ్డలు చాలు, కానీ అది ఎండాకాలం లెక్క. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే ఉతికినవి ఆరవు. అప్పుడు ముప్పై గుడ్డలు, చిన్న డైపర్ ప్యాకెట్ ఒకటి. మొదటి నల్లటి విరేచనం తారులా అంటుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లూ దూదీతో తుడవాలి, వాసన వేసిన వైప్స్ అక్కర్లేదు.

చేతి తొడుగులు తిరగేసి లోపలి దారాలు కత్తిరించాలి. వదులు దారం వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. ఉన్ని స్వెట్టర్ శుద్ధ దండగ. ఒంగోలు మే ఎండకు మూడు పొరలు చుడితే బిడ్డ ఒళ్లు కాలుతుంది, అందరూ జ్వరమని హడలిపోతారు. మనం వేసుకున్నదానికి ఒక పొర ఎక్కువుంటే చాలు. పాలసీసా, తేనె, గ్రైప్ వాటర్, పౌడర్ ఇంట్లోనే వదిలేయండి. ముర్రుపాలు పిండి పట్టాల్సి వస్తే మరిగించి తీసిన ఉగ్గుగిన్నె పనికొస్తుంది. దీన్ని మాత్రం మరవొద్దు.

పక్కనుండే మనిషికి ఫ్లాస్కు, దుప్పటి, దోమల కాయిల్ బదులు గొడుగులా తెరుచుకునే దోమతెర, పొడవాటి ఛార్జింగ్ వైరు. ప్లగ్గు ఎప్పుడూ మంచానికి దూరంగానే ఉంటుంది!

ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి దూరం వచ్చేవాళ్లు ఇంకో చిన్న మూట విడిగా బండిలో పెట్టుకోవాలి. రబ్బరు షీటు, పాత తువ్వాలు, రెండు ప్యాడ్లు, వాంతికి కవర్లు, మంచినీళ్లు. ఉమ్మనీరు పోతే టైము, రంగు గుర్తుపెట్టుకోవాలి. ఆకుపచ్చగా ఉంటే ఆసుపత్రి లోపలికి వెళ్లగానే మొదట అదే చెప్పాలి.

కాగితాలు సంచిలో వద్దు, పక్కనుండేవాళ్ల భుజాన ఉండాలి. తల్లీబిడ్డల కార్డు, చివరి స్కానింగ్ పైన, బ్లడ్ గ్రూపు రిపోర్టు, ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జెరాక్సులు. తల్లిది నెగటివ్ గ్రూపైతే కార్డు మీద ఎర్ర పెన్నుతో గీయండి. బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లో తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే మందులు, భోజనం ఉచితం. ఇంటికి చేర్చడానికి 102 బండి అడగొచ్చు. జనన నమోదుకు గడువు 21 రోజులు. పేరు పెట్టకపోయినా ఆ గడి ఖాళీగా వదిలి నమోదు చేయించవచ్చు, ఏడాది లోపు రుసుం లేకుండా చేర్చుకోవచ్చు. తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు మాత్రం ఆధార్‌తో సరిపోయాయో లేదో ఆసుపత్రి దాటక ముందే చూసుకోండి.