మారుతీయా, టయోటాయా? ఒకే బండికి రెండు పేర్లుంటే ఏది కొనాలి

హైదరాబాద్‌లో కారు కొందామని షోరూంలు తిరగడం మొదలుపెట్టిన ఎవరికైనా రెండో రోజుకల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది. మారుతీ బాలెనో చూసి వస్తే టయోటా గ్లాంజా కనబడుతుంది. ఫ్రాంక్స్ నచ్చితే టైజర్ కూడా చూడమంటారు. ఎర్టిగాకు రుమియన్, గ్రాండ్ విటారాకు హైరైడర్, అటు టయోటా ఇన్నోవా హైక్రాస్‌కు మారుతీ ఇన్విక్టో. ముందు గ్రిల్, లైట్లు, చక్రాలు, సీటు గుడ్డల రంగు వేరు. లోపల బండి మాత్రం ఒకటే.

భారత్‌లో ఒకరి మోడళ్ళు మరొకరు అమ్ముకోవాలని మారుతీ మాతృసంస్థ సుజుకీ, టయోటా 2018లో ఒప్పందం చేసుకున్నాయి. దాని మొదటి ఫలితమే 2019 జూన్‌లో వచ్చిన గ్లాంజా. చిన్న కారును తక్కువ ఖర్చులో తయారుచేయడం సుజుకీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెట్రోల్ ఇంజన్‌కు కరెంటు మోటార్ జతచేసే హైబ్రిడ్ టయోటా చేతిలో ఉంది. ఇద్దరికీ లాభమే. కొనేవాడికి లాభమా కాదా అన్నది మాత్రం ఒక్కో జంటలో ఒక్కోలా ఉంటుంది. నేను చూసేది ఒక్కటే: బండి అసలు ఎవరిది, దాన్ని ఎవరు అమ్ముతున్నారు? సొంతదారు దగ్గర కొనడమే సాధారణంగా మేలు. ఇంకొకరి పేరుకు అదనంగా కట్టాల్సి వస్తే, ఆ డబ్బుకు ఏం వస్తోందో షోరూం వాళ్ళు చూపించగలగాలి.

బాలెనో, గ్లాంజాల సంగతి తొందరగా తేలిపోతుంది. రెండూ గుజరాత్‌లోని హన్సల్‌పూర్ ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. అదే 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, అవే గేర్‌బాక్సులు. ఒకప్పుడు గ్లాంజా కొనడానికి గట్టి కారణం ఉండేది: టయోటా మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇస్తే, మారుతీ రెండేళ్ళు, 40 వేల కిలోమీటర్ల దగ్గరే ఆగేది. 2024 జూలైలో మారుతీ కూడా మూడేళ్ళు, లక్ష కిలోమీటర్లకు వచ్చేసింది. దాంతో ఆ కారణం పోయింది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ తగ్గాక బాలెనో ఎక్స్‌షోరూం ధర 5.99 లక్షలతో, గ్లాంజా 6.39 లక్షలతో మొదలయ్యాయి.

ఆ 40 వేల తేడా మన దగ్గర 40 వేలతో ఆగదు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ఎక్స్‌షోరూం ధర మీద వేస్తారు. 5 నుంచి 10 లక్షల బండికి 14 శాతం, అంటే ఇంకో 5,600. బీమా కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఫ్రాంక్స్, టైజర్ టాప్ వేరియంట్లు చూసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ధర పది లక్షలు దాటిందంటే శ్లాబు మారుతుంది, పెరిగిన శాతం దాటిన సొమ్ము మీదే కాకుండా మొత్తం ధర మీద పడుతుంది. మూడు శాతం పెరిగిందనుకున్నా ముప్పై వేలు. ఒకే బండి ఒక బ్యాడ్జీతో (కంపెనీ పేరుతో) 9.95 లక్షల దగ్గర, ఇంకో బ్యాడ్జీతో 10.05 దగ్గర ఉంటే పదివేల తేడా ఆన్‌రోడ్‌కు వచ్చేసరికి నలభై వేలు దాటుతుంది. ఎక్స్‌షోరూం ధరలు పోల్చి తృప్తిపడకండి. రెండు షోరూంల నుంచీ ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద రాయించుకోండి.

మా బావమరిది అన్నాడు, "బావా, రెండూ ఒకటే అయినప్పుడు టయోటాకే పోదాం, రీసేల్ బాగుంటుంది కదా" అని. టయోటాకు రీసేల్ పేరు తెచ్చింది క్వాలిస్, ఇన్నోవా, ఫార్చ్యూనర్. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడు గ్లాంజా బానెట్ ఎత్తగానే అది బాలెనో అని గుర్తుపడతాడు, ఆ రేటే కడతాడు. అందుకే ఈ జంటలో నా ఓటు బాలెనోకే. సొంతూరు నల్లగొండ వైపో సిద్దిపేట వైపో ఉన్నవాళ్ళకైతే మారుతీ సర్వీస్ సెంటర్ దగ్గరలో ఉండటం ఎంత నిశ్చింతో వేరే చెప్పక్కర్లేదు. టయోటా డీలరు స్టాక్ వదిలించుకోవడానికి ఎక్కువ డిస్కౌంట్ ఇస్తే అప్పుడు గ్లాంజా తీసుకోండి, నష్టం లేదు.

అసలు ఆలోచించాల్సింది గ్రాండ్ విటారా, హైరైడర్ల దగ్గర. 2022లో వచ్చిన ఈ జంటలో సొంతదారు ఎవరంటే ఒక్కమాటలో చెప్పలేం. ప్లాట్‌ఫాం, అంటే బండి అడుగు నిర్మాణం సుజుకీది, స్ట్రాంగ్ హైబ్రిడ్ టయోటాది, తయారీ మొదలైంది బెంగళూరు పక్కన బిడదిలోని టయోటా ఫ్యాక్టరీలో. అందుకని ఇక్కడ బ్యాడ్జీ పక్కన పెట్టి ముందు ఇంజన్ ఎంచుకోవాలి.

మైల్డ్ హైబ్రిడ్ అంటే మామూలు పెట్రోల్ బండే, మోటార్ కాస్త చెయ్యి వేస్తుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజన్ ఆగి ఉన్నా కాసేపు బ్యాటరీతోనే బండి కదులుతుంది. దీని విలువ తెలియాలంటే మే నెలలో సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కోవాలి. మైల్డ్ హైబ్రిడ్ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపితే కంప్రెసర్ కూడా ఆగుతుంది, కాసేపటికి వెంట్ల నుంచి వెచ్చటి గాలి మొదలవుతుంది, ఏసీ కోసం ఇంజన్ మళ్ళీ లేస్తుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది. ఇంజన్ ఆగిపోయి ఉన్నా చల్లగాలి అలాగే వస్తుంది, ముందు బండి రెండు గజాలు జరిగితే మన బండి చప్పుడు లేకుండా జరుగుతుంది. బ్యాటరీ గీతలు తగ్గాక మూడు సిలిండర్ల ఇంజన్ గుర్రుమని లేస్తుంది, ఆ చప్పుడు కొంచెం మోటుగానే ఉంటుంది. తర్వాత మళ్ళీ ఆగుతుంది. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకు ఈ సుఖం చిన్నది కాదు.

డబ్బు లెక్క కూడా వేద్దాం. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు, ఎక్కువగా సిటీలోనే తిరుగుతారనుకోండి. మామూలు ఆటోమేటిక్ లీటరుకు 12, హైబ్రిడ్ 20 ఇచ్చిందనుకుంటే ఏటా 500 లీటర్లు మిగులుతాయి. లీటరు 107 అనుకుంటే 53,500 రూపాయలు. హైబ్రిడ్‌కు రెండు లక్షలు ఎక్కువ పెట్టినా నాలుగేళ్ళలో తిరిగొస్తాయి. అదే ఏడాదికి 6 వేల కిలోమీటర్లే తిరిగితే మిగిలేది 21,400. తొమ్మిదేళ్ళు దాటితే గానీ డబ్బు వెనక్కి రాదు. నెలకోసారి విజయవాడ హైవే ఎక్కడమే తప్ప రోజూ బండి తీయనివాళ్ళకు మైల్డ్ హైబ్రిడ్ చాలు.

హైబ్రిడ్‌కు ఇంకో లోటుంది, డిక్కీ. బ్యాటరీ కింద ఉండటంతో 373 లీటర్ల చోటు 265కు పడిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా పెడితే సూట్‌కేసులకు చోటుండదు. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్ళినప్పుడు డిక్కీ తెరిపించి, మీ పెద్ద సూట్‌కేసు పెట్టి చూడండి.

ఇప్పుడు బ్యాడ్జీ దగ్గరికి వద్దాం. హైబ్రిడ్ కావాలంటే మొదట్లో గ్రాండ్ విటారాలో జీటా ప్లస్ అనే పై వేరియంట్ దాకా ఎక్కాల్సి వచ్చేది. సన్‌రూఫ్ అక్కర్లేని వాడు కూడా దాని డబ్బు కట్టాల్సి వచ్చేది. హైరైడర్‌లో మాత్రం కాస్త కిందుండే ఎస్ వేరియంట్ నుంచే ఇచ్చారు. మంచి ఇంజన్‌ను ఖరీదైన వేరియంట్‌లోనే బిగించి అమ్మడం కంపెనీలు మానుకోవాలి, కొనేవాడికి కావాల్సింది ఇంజన్ అయినప్పుడు దాన్ని అలంకారాలతో ముడిపెట్టడం అన్యాయం. మారుతీ 2025 ఏప్రిల్‌లో డెల్టా ప్లస్ అనే కింది వేరియంట్‌లోనూ హైబ్రిడ్ తెచ్చి దీన్ని కొంత సరిచేసింది. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇద్దరూ ఇస్తున్నారు. హైబ్రిడ్ తీసుకుంటే నేను ఇప్పటికీ హైరైడర్ వైపే. ఆ సిస్టమ్ టయోటాది, దాంతో వాళ్ళ మెకానిక్‌లకున్న అనుభవం ఎక్కువ. మైల్డ్ హైబ్రిడ్‌కైతే మారుతీయే చాలు.

కానీ మారుతీ అంటే గ్రాండ్ విటారానేనా? 2025 సెప్టెంబర్‌లో విక్టోరిస్ వచ్చింది. అదే హైబ్రిడ్ ఇందులోనూ దొరుకుతుంది. సీఎన్‌జీ ట్యాంకు బండి కింద పెట్టారు కాబట్టి డిక్కీ పోదు, కొన్ని వేరియంట్లలో ఎడాస్ (ప్రమాదం చూసి హెచ్చరించి, అవసరమైతే తానే బ్రేకు వేసే ఏర్పాటు) ఉంది, భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు వచ్చాయి. దీన్ని అమ్మేది గ్రాండ్ విటారా దొరికే నెక్సాలో కాదు, మారుతీ మామూలు షోరూం అరీనాలో. ఖరీదైన బండ్లకు ప్రత్యేకమైన షోరూం అని చెప్పి 2015లో నెక్సా పెట్టిన కంపెనీ, ఎడాస్‌ను ముందుగా అరీనాలో ఇచ్చింది. నెక్సాలో ఎక్కువ కట్టిన గ్రాండ్ విటారా ఓనర్లకు ఇది బాధగానే ఉంటుంది. మీరు మాత్రం షోరూం సోఫా చూసి మోసపోకుండా కూకట్‌పల్లిలోనో ఎల్బీ నగర్‌లోనో అరీనాకు వెళ్ళి విక్టోరిస్ నడిపి చూశాకే గ్రాండ్ విటారాకు అడ్వాన్స్ కట్టండి.

ఇక హైక్రాస్, ఇన్విక్టో. ఇక్కడ బండి పూర్తిగా టయోటాది, 2023 జూలై నుంచి మారుతీ తన పేరుతో అమ్ముతోంది. మారుతీ దీన్ని హైబ్రిడ్‌గా మాత్రమే తెచ్చింది. మామూలు పెట్రోల్ కావాలంటే హైక్రాస్ ఒక్కటే దారి. భద్రతలో రెండింటికీ భారత్ ఎన్‌క్యాప్ 5 స్టార్లున్నాయి. ఎడాస్, మధ్య వరుసలో కాళ్ళు చాపుకునే ఒట్టోమన్ సీట్లు హైక్రాస్ టాప్ వేరియంట్‌లో వచ్చాయి, ఇన్విక్టోకు ఇవ్వలేదు. మన ఊళ్ళో ఇన్నోవా అన్న పేరుకున్న గిరాకీ అందరికీ తెలిసిందే. ఎమ్మెల్యే కాన్వాయ్ దగ్గర్నుంచి తిరుపతి ట్రావెల్స్ దాకా అదే బండి. ఐదేళ్ళకు అమ్మేద్దామనుకునేవాళ్ళు హైక్రాస్‌కే పోవాలి, ఎక్కువ కట్టినదాంట్లో చాలావరకు రీసేల్‌లో వెనక్కి వస్తుంది. పదేళ్ళు ఇంట్లోనే ఉంచుకుని, అమ్మానాన్నలను వెనక కూర్చోబెట్టుకుని తిరిగే కుటుంబానికి ఇన్విక్టో చాలా మంచి బండి. మారుతీ ఈ బండికి తరచూ డిస్కౌంట్లు ఇస్తుంటుంది. దాంతో ఆన్‌రోడ్‌లో లక్షకు పైగా తేడా వస్తే ఇన్విక్టో తీసుకోండి. పాత స్టాక్ అంటగడుతున్నారేమో, తయారైన నెల అడిగాకే సంతకం పెట్టండి.