స్వదేశమా, విదేశమా: డిఫెండర్‌కు ఏది మేలు?

భారత ఫుట్‌బాల్ జట్టు డిఫెండర్ సందేశ్ ఝింగన్ పేరు ఎత్తగానే ఫుట్‌బాల్ చూసేవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. 2021లో అతను క్రొయేషియా వెళ్ళడం మంచిదైందా, చెడ్డదైందా? పిల్లలను అకాడమీల్లో చేర్చిన తల్లిదండ్రులు ఇదే ప్రశ్నను ఇంకో రకంగా అడుగుతున్నారు. మావాడు సెంటర్ బ్యాక్ (గోల్ ముందు నడుమ నిలబడే డిఫెండర్) ఆడతాడు, పద్దెనిమిది నిండాక ఇక్కడే ఏదో ఒక క్లబ్బు చూసుకోవాలా, ఏజెంటు చెప్పినట్టు యూరప్‌లోని చిన్న లీగుకు పంపాలా అని. స్ట్రైకర్ విషయంలో చెప్పే జవాబు డిఫెండర్‌కు సరిపోదు. కాబట్టి రెండు దారులనూ డిఫెండర్ వైపు నుంచే తూచి చూద్దాం.

ఇక్కడే ఉండే దారి ఎన్ని మలుపులు తిరుగుతుందో ఝింగన్ కెరీరే చెబుతుంది. చండీగఢ్ కుర్రాడు. భైచుంగ్ భూటియా పెట్టిన యునైటెడ్ సిక్కిం జట్టుతో పైకి వచ్చాడు. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మొదలైనప్పుడు కేరళ బ్లాస్టర్స్‌లో చేరి, ఆ ఏడాదే ఉత్తమ వర్ధమాన ఆటగాడిగా ఎంపికయ్యాడు. అయితే అప్పట్లో ఆ లీగు రెండు మూడు నెలల్లో ముగిసిపోయేది. మిగతా నెలల్లో ఆడాలంటే లోన్ మీద, అంటే కొన్నాళ్ళ అరువు మీద, దేశంలోని మరో లీగైన ఐ-లీగ్ క్లబ్బులకు వెళ్ళాల్సిందే. అలా స్పోర్టింగ్ గోవా, డీఎస్‌కే శివాజియన్స్, బెంగళూరు జెర్సీలు వేసుకున్నాడు. ఆ తర్వాత ఏటీకే మోహన్ బగాన్, మళ్ళీ బెంగళూరు, 2023 నుంచి గోవా. చూసేవాళ్ళకు ఇది నిలకడ లేని బతుకులా కనిపించవచ్చు. నాకు మాత్రం ఆ లోన్ సంవత్సరాలే అతన్ని తయారు చేశాయనిపిస్తుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో ఒక లీగు ముగియగానే ఇంకో లీగులో, ఇంకో కోచ్ కింద, ఇంకో జతగాడి పక్కన ఆడుతూనే ఉన్నాడు.

ఈ దారిలో లోపం లేకపోలేదు. 2016 వరకు ఐఎస్‌ఎల్‌లో మొదటి పదకొండుమందిలో ఆరుగురు విదేశీయులు ఉండేవారు. ఏ కోచ్ అయినా వాళ్ళను మైదానం నడుమనే నిలబెడతాడు. 2016లో కేరళకు ఉత్తర ఐర్లాండ్ ఆటగాడు ఆరన్ హ్యూస్, ఫ్రాన్స్ ఆటగాడు సెడ్రిక్ హెంగ్‌బార్ట్ సెంటర్ బ్యాక్‌లుగా వచ్చారు. ఝింగన్ కుడి అంచుకు జరగాల్సి వచ్చింది. సొంత స్థానం పోవడం నష్టమే. కానీ ప్రీమియర్ లీగ్‌లో నాలుగు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడిన హ్యూస్ పక్కన నిలబడి ఆడటం చిన్న చదువు కాదు. 2017లో విదేశీయుల సంఖ్య అయిదుకు, 2021లో నాలుగుకు తగ్గింది. అలా నడుమ భాగంలో మనవాళ్ళకు చోటు పెరిగింది. 2017-18 సీజన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మాజీ డిఫెండర్ వెస్ బ్రౌన్ ఉన్న కేరళ జట్టుకు ఝింగనే కెప్టెన్.

ఇక విదేశం. 2021 ఆగస్టులో క్రొయేషియా మొదటి డివిజన్ క్లబ్బు షిబెనిక్‌తో సంతకం చేసేనాటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. చేరిన కొద్ది రోజులకే గాయపడ్డాడు. ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడకుండా 2022 జనవరిలో మోహన్ బగాన్‌కు తిరిగి వచ్చాడు. చాలామంది ఇక్కడితో లెక్క తేల్చేస్తారు, వెళ్ళడమే తప్పని. నేను ఒప్పుకోను. గాయం ఎక్కడైనా అవుతుంది. 2019 అక్టోబరులో ఇక్కడే మోకాలు దెబ్బతిని ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. 2024 జనవరిలో ఆసియా కప్‌లో సిరియాతో ఆడుతూ గాయపడి మళ్ళీ నెలల తరబడి దూరమయ్యాడు. తేడా ఎక్కడుందంటే, ఈ రెండు సందర్భాల్లోనూ అతను కోలుకునేసరికి ఇక్కడ అతనికి ఆడే స్థానం ఉంది. షిబెనిక్‌లో అలాంటి స్థానం ఇంకా ఏర్పడనే లేదు.

నా దృష్టిలో అన్నిటినీ తేల్చేది ఈ స్థానమే. జీతం, లీగు స్థాయి, శిక్షణ వసతులు అన్నీ దీని తర్వాతే.

ఏ మ్యాచ్ అయినా డెబ్బయ్యో నిమిషంలో గమనించండి. ఇప్పుడు అయిదుగురిని మార్చుకోవచ్చు. జట్టు ఒక గోల్ వెనకబడి ఉంటే కోచ్ వింగర్‌ను దింపుతాడు, ఇంకో స్ట్రైకర్‌ను దింపుతాడు. ముందంజలో ఉంటే అలసిపోయిన మిడ్‌ఫీల్డర్‌ను మారుస్తాడు. సెంటర్ బ్యాక్‌ల జోలికి మాత్రం వెళ్ళడు, ఎవరైనా గాయపడితే తప్ప. ఎందుకంటే ఆ ఇద్దరి జత కావడి లాంటిది, ఒక బుట్టను మారిస్తే రెండోదీ ఒరిగిపోతుంది. బెంచీ మీద కూర్చున్న స్ట్రైకర్‌కు వారానికి పదిహేను నిమిషాలైనా దొరుకుతాయి. ఆ పదిహేను నిమిషాల్లో ఒక గోల్ కొడితే పై వారం మొదటి పదకొండులో ఉంటాడు. బెంచీ మీది సెంటర్ బ్యాక్‌కు నెలల తరబడి సున్నా. తనేమిటో చూపించుకునే అవకాశమే రాదు. మ్యాచ్ ఆడకుండా డిఫెండర్ ఎదగడు. బంతి గాలిలో ఉండగా స్ట్రైకర్ ఎటు కదులుతాడో చూసి అడుగు ముందుకు వేయాలా, వెనక్కి వేయాలా అన్న నిర్ణయం శిక్షణలో వంద సార్లు చేసినా ఒక్క అసలు మ్యాచ్‌తో సమానం కాదు.

2019 సెప్టెంబరు 10న దోహాలో ఆసియా చాంపియన్ ఖతార్‌ను మనవాళ్ళు 0-0తో నిలువరించిన రాత్రి గుర్తుందా? కెప్టెన్ సునీల్ ఛెత్రీ లేడు. నడుమ ఝింగన్, ఆదిల్ ఖాన్, వెనక గుర్‌ప్రీత్ సింగ్ సంధు. అంచుల నుంచి గోల్ ముందుకు వచ్చిన ప్రతి క్రాస్‌కూ ఎవరో ఒకరి తల అడ్డుపడింది. ఆ ఇద్దరు డిఫెండర్లూ అప్పటికి ఏళ్ళ తరబడి ఇక్కడి లీగుల్లోనే ఆడినవాళ్ళు.

గోల్‌లో నిలబడ్డ గుర్‌ప్రీత్ కథ మాత్రం విదేశం వైపు బలమైన వాదన. 2014లో ఇరవై రెండేళ్ళకు నార్వేలోని స్టాబెక్ క్లబ్బులో చేరాడు. మొదటి లీగు మ్యాచ్ దొరికింది 2016లో. ఆ ఏడాదే యూరోపా లీగ్ అర్హత మ్యాచ్‌లో ఆడాడు. అతనికి కలిసొచ్చినవి రెండు, వయసు, గోల్‌కీపర్ కావడం. గోల్‌కీపర్ ఓపికతో ఎదురుచూడగలడు, ముప్ఫై అయిదు దాటినా ఆడగలడు. గాలిలో లేచి పోరాడే సెంటర్ బ్యాక్‌కు అంత గడువు ఉండదు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోనే డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరిందని కొందరు గుర్తు చేస్తారు. గర్వించదగ్గ విషయమే. కానీ ఆమె ఫార్వర్డ్, ఆ లెక్క వేరు.

ఇంకో సంగతి, భాష. వెనక నిలబడ్డవాడు తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉండాలి. లైన్ ముందుకు జరపమని, వెనక మనిషి ఉన్నాడని, వదిలేయమని. స్థానిక భాష రాని వింగర్ ఎలాగో నెట్టుకొస్తాడు, డిఫెండర్‌కు అది మొదటి రోజు నుంచీ అడ్డే.

అసలు ఎల్లలు దాటి బాగుపడిన డిఫెండర్లను చూడాలంటే మన దేశానికి వచ్చినవాళ్ళను చూడండి. ఓడేయ్ ఒనాయిందియా స్పెయిన్ కింది డివిజన్లలో ఏళ్ళు గడిపి 2020లో హైదరాబాద్‌కు వచ్చాడు.  అట్లెటికో మాడ్రిడ్ రెండో జట్టు నుంచి వచ్చిన టిరి 2015 తర్వాత తన కెరీర్‌లో ఎక్కువ భాగం ఇక్కడే గడిపాడు. వీళ్ళిద్దరూ వచ్చేసరికి సెంటర్ బ్యాక్ స్థానం ఖాళీగా ఉంది. హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ 1960లలో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినప్పుడూ అంతే. ఊరు మారినా ఆట ఆగలేదు. 1970 ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్.

ఇక్కడ ఉంటే భద్రత అన్న వాదనకు మాత్రం నేను పెద్ద బరువు ఇవ్వను. 2025 జులైలో ఐఎస్‌ఎల్ సీజన్ నిలిచిపోయి, కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. హైదరాబాద్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఇల్లు కదా అని కళ్ళు మూసుకుని సంతకం చేసే రోజులు కావివి.

నేపాల్, మాల్దీవులు, బంగ్లాదేశ్ లీగులు మూడో దారి. ఆట దొరుకుతుంది, స్థాయి పెరగదు. ఒక సీజన్ ఖాళీగా పోయేలా ఉంటే చూడవచ్చు.

నా మొగ్గు ఇది. ఇరవై రెండేళ్ళ వరకు ఇక్కడే, లోన్ మీదైనా సరే, ఏడాది పొడవునా ఆడాలి. ఆ తర్వాత ఇరవై అయిదు దాటకుండా బయటికి వెళ్ళాలి. పెద్ద పేరున్న లీగు కాకపోయినా ఫర్వాలేదు. ఝింగన్ ఆ ప్రయత్నం నాలుగైదేళ్ళ ముందు చేసి ఉంటే, గాయం తర్వాత అక్కడే కూర్చుని తన వంతు కోసం పోరాడే వ్యవధి ఉండేది.

ఏజెంటు కాగితం తెచ్చినప్పుడు తల్లిదండ్రులు మూడు విషయాలు అడగాలి. ఆ జట్టులో ఇప్పుడు సెంటర్ బ్యాక్‌లు ఎందరు, వాళ్ళ వయసులేమిటి? వాళ్ళలో ఎవరి కాంట్రాక్టు ఈ ఏడాదితో ముగుస్తుంది? మావాణ్ణి కోరుకున్నది కోచా, యాజమాన్యమా? కోచ్ అడగని డిఫెండర్‌ను ఆ కోచ్ ఆడించడు. వీటికి సూటి జవాబు రాకపోతే నేనైతే ఇక్కడి రెండో అంచె లీగులో ప్రతి వారం ఆడించే క్లబ్బుకే పంపమంటాను.