అగ్గిపుల్ల పరీక్షకు నిలిచిన విలియమ్స్ కారు

“మనవడికా బాబాయ్ గారూ?” అని అడిగాడు కొట్టు కుర్రాడు. నాకే అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు డిపోలో కమాన్ కట్టలు మార్చినవాడికి ఆ మాత్రం సరదా ఉండకూడదా? జగదాంబ కూడలి దగ్గర ఒక సందులో దొరికిన ఈ పెట్టెలో విలియమ్స్ జట్టు ఫార్ములా వన్ రేసు కార్ల బొమ్మలు మూడున్నాయి. అసలు కారులో 43వ వంతు కొలత. ధర 6,400 రూపాయలు, బేరమాడితే రెండు వందలు తగ్గించారు.

మొదటిది తెలుపు, ఆకుపచ్చ రంగుల ఎఫ్‌డబ్ల్యూ07. ఫ్రాంక్ విలియమ్స్, ఇంజినీరు పాట్రిక్ హెడ్ కలిసి 1977లో పెట్టిన జట్టుకు తొలి గెలుపు తెచ్చింది ఈ కారే. 1979లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ పందెంలో క్లే రెగజోని నడిపాడు. సౌదీ సొమ్ముతో నడిచే జట్టు కాబట్టి వేదిక మీద షాంపేన్ ముట్టుకోలేదట, పాపం. అసలు కారుకు రెండు పక్కలా నేలను రాసుకుంటూ పోయే పలకలుండేవి. వాటివల్లే అడుగున గాలి పీడనం తగ్గి కారు నేలకు అతుక్కునేది. బొమ్మలో ఆ పలకకూ బల్లకూ మధ్య అగ్గిపుల్ల దూరుతోంది! ఇక అతుక్కునేదెక్కడ?

రెండోది 1987 నాటి హోండా టర్బో కారు, డ్రైవరు నెల్సన్ పికే ఛాంపియన్ అయినది. రంగు బాగుంది. అంతకు ముందు ఏడాది రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమైన ఫ్రాంక్, అక్కడి నుంచే జట్టును నడిపించాడు. పెట్టెలోని చిన్న పుస్తకం దీన్ని ఒక్క ముక్కలో దాటేసింది.

నేను డబ్బు పెట్టింది మూడోదాని కోసం, 1992 నాటి ఎఫ్‌డబ్ల్యూ14బి. అనంతగిరి ఘాట్‌లో అరకు బస్సు మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు వంచుతుంది. దెబ్బ తగిలాక సర్దుకోవడం తప్ప కమాన్లు చేయగలిగిందేమీ లేదు. ఈ కారులోనైతే కంప్యూటర్ చెప్పినట్టు హైడ్రాలిక్ జాక్‌లు ఒక్కో చక్రాన్నీ కదుపుతూ, కారు నేలకు ఎంత ఎత్తులో ఉండాలో అంతే ఉంచేవి. ఎత్తు చెదరకపోతే గాలి పట్టు సడలదు. దీన్ని నడిపిన నైజెల్ మాన్సెల్ ఆ ఏడు మొదటి ఐదు పందేలూ వరసగా గెలిచాడు, ఏడాదిలో తొమ్మిది. 1994 నుంచి ఈ ఏర్పాటునే నిషేధించారు. డిపోలో మా గ్యారేజీకి ఒక్కటి వచ్చి ఉంటే అనుకునేవాణ్ణి.

ముందు చక్రాల మధ్య, ముక్కు మీద రెండు చిన్న ఉబ్బులుండాలి. వాటి కిందే ఆ జాక్‌లు. 1991 కారుకు అవి ఉండవు. భూతద్దం పెట్టి చూశాను, ఉన్నాయి. ముక్కు మీద ఎర్ర రంగు 5 అంకె కూడా సరిగ్గా వేశారు.

వెనక రెక్క మాత్రం ఒక పక్క ఊడి వచ్చింది. పెట్టె విప్పాక మార్చడం కుదరదన్నారు కొట్టువాళ్లు. నేనే అంటించుకున్నాను. ఇంకో మాట: అట్ట మీద “తొమ్మిది టైటిళ్ల చరిత్ర” అని వేసి 1992 దగ్గర ఆపేశారు. ఆ తర్వాత టైటిళ్లు తెచ్చిన 1996, 1997 కార్లేవి?

అడుగు రేకు, మరలు ఇనుపవి. పెదవాల్తేరు ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతాయో అనుమానమే కాబట్టి అద్దాల బీరువాలో పెట్టాను. అగ్గిపుల్ల దూరిన కారు వెనక వరసలో ఉంది.